షట్టర్ విప్పే పద్ధతి

కర్నూలు,
3 ఫిబ్రవరి 2025.

అన్నకు,

శ్రీదేవి రాస్తున్నది. ఏడేళ్ళ తర్వాత రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరానికి పని తప్ప వేరే అర్థం లేదు. నా భర్తను చంపిన మనిషిని అడుగుతున్నానని తెలిసే అడుగుతున్నాను. నువ్వు జైలు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అమ్మే మాట్లాడుతుంది. నీ గొంతు వినడం నా వల్ల కాదు. అందుకే కాగితం.

నాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎడమ కంటికి ఆపరేషన్ అయింది, కుడి కన్ను ఇంకా మసకే. దానికి తోడు చేతుల వణుకు. గడియారాల పని మానేశాడు గానీ పాత కెమెరాలను వదలడు. వాటికి మళ్ళీ గిరాకీ వచ్చింది. బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి కుర్రవాళ్ళు వాళ్ళ తాతల కెమెరాలు పార్సిల్ చేస్తున్నారు. ఏడాదిగా స్క్రూలు విప్పేది నేను, పక్కన కూర్చుని చెప్పేది నాయన.

పోయిన వారం ఒక జర్మనీ మడత కెమెరా వచ్చింది. తొంభై ఏళ్ళ నాటిది. మీట లాగితే షట్టర్ బిగుస్తోంది. బొత్తాం నొక్కితే రెక్కలు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. లోపల ఎలా ఉంటుందో నాయన చెప్పలేకపోతున్నాడు. "నా చేతికి తెలుసు గానీ నోటికి తెల్దు. వేణుకు రాయి, వాడు చెప్తాడు" అన్నాడు. విప్పే వరస రాసి పంపు.

జీవితకు పదమూడేళ్ళు వచ్చాయి. తన గురించి ఇంతకు మించి అడగొద్దు.

శ్రీదేవి.


కేంద్ర కారాగారం, కడప,
14 ఫిబ్రవరి.

చిరంజీవి శ్రీదేవికి అన్న వేణుగోపాల్ ఆశీస్సులు.

అలవాటు కొద్దీ చి.ల.సౌ. అని మొదలుపెట్టి, చూసుకుని, ఆ కాగితం చింపేశాను. ఇంకొక కాగితం అడిగి తెచ్చుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆలస్యానికి అదే కారణం. నీ చేతిరాత చూసి ఎంతసేపు కూర్చున్నానో చెప్పను. పని తప్ప వేరే అర్థం లేదన్నావు, అలాగే కానీ.

ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరువు. స్క్రూ జారిపడితే కనిపించాలి. లెన్సు ముందు భాగాన్ని ఎడమవైపు తిప్పితే ఊడి వస్తుంది. దాని కింద వేగాల అంకెలున్న పళ్ళెం ఉంటుంది. పళ్ళేన్ని పట్టి ఉంచే సన్న స్క్రూ విప్పి పైకెత్తు. పళ్ళెంలో వంకర టింకర గాడులు కనిపిస్తాయి. ఏ వేగానికి ఏ మీట ఎంత దూరం జరగాలో ఆ గాడులే నిర్ణయిస్తాయి.

పళ్ళెం తీశాక ఒక పక్క పెద్ద స్ప్రింగు కనిపిస్తుంది. మీట లాగితే బిగిసేది అదే. దాన్ని బియ్యపు గింజంత కొక్కెం పట్టి ఉంచుతుంది. అడుగున ఐదు ఉక్కు రెక్కలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. కాగితం కన్నా పలచన. స్ప్రింగు ఒక ఉంగరాన్ని తిప్పుతుంది, ఉంగరం ఐదు రెక్కల్నీ ఒకేసారి తెరిచి మూస్తుంది. అంతే దాని పని.

నీ కెమెరా జబ్బు స్ప్రింగులో లేదు. ఎవరో ఒకప్పుడు నూనె వేశారు. మన ఎండలకు నూనె రెక్కల మీదికి పాకి జిగురైపోతుంది. లైటర్లో పోసే పెట్రోలు చుక్క చుక్కగా వేసి, దూదితో అద్ది, వందసార్లు నొక్కు. ఆరితే మళ్ళీ వెయ్యి. రెక్కలు విప్పకు. రెక్కల మీద నూనె ఎప్పటికీ వెయ్యకు. ఇంకొకటి, 500 అంకె మీదికి తిప్పేటట్టయితే మీట లాగక ముందే తిప్పు. బిగించాక తిప్పితే లోపలి పన్ను విరుగుతుంది. పన్నెండేళ్ళప్పుడు నేను అలా విరిచినందుకు నాయన ఇనుప స్కేలుతో వేళ్ళ మీద కొట్టాడు, గుర్తుందా.

బొత్తాం చేసే పని చాలా చిన్నది శ్రీదేవీ. కొక్కేన్ని పక్కకు జరపడం, అంతే. కొక్కెం జరిగాక వేలికి సంబంధం లేదు. స్ప్రింగు తన పని పూర్తి చేసే దాకా ఎవరూ ఆపలేరు. ఆ రోజు నా సంగతీ అంతే.

జీవిత ఫోటో ఒకటి పంపుతావా.

అన్న.


కర్నూలు,
2 మార్చి.

అన్నకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. నూరుసార్లు కాదు, రెండు వందల సార్లు నొక్కాను. రెక్కలు తెరుచుకుంటున్నాయి. నాయన చెవి దగ్గర పెట్టుకుని విని తల ఊపాడు. కానీ ఒక సెకను మీద పెడితే తెరుచుకున్నాక మూసుకోవడం లేదు. అరసెకను మీదా అంతే. దానికి ఏం చెయ్యాలో రాయి.

ఫోటో పంపను.

నువ్వు స్ప్రింగువి కాదు. ఇంకెప్పుడూ నాకు అలా రాయకు. డాక్టరు కోర్టులో పోస్టుమార్టం రిపోర్టు చదువుతుంటే నేను మొదటి బెంచీలో కూర్చుని విన్నాను. లారీ వీల్ పానాతో పదకొండు దెబ్బలు. తల మీద ఆరు, భుజం మీద మూడు, అడ్డం పెట్టిన చేతుల మీద రెండు. ఒక్క దెబ్బ అయితే కోపం అనుకుందును. పదకొండు ఏమిటి అన్నా? నేను వెనక గదిలో ఉన్నాను. శ్రీకాంత్ నన్ను కొట్టి, లోపలికి తోసి, గడియ పెట్టి అన్నానికి కూర్చున్నాడు. నా భుజం ఎముక విరిగింది. తలుపు సందులోంచి నీ చొక్కా కనిపించింది. అన్నా వద్దు, అన్నా వద్దు అని అరుస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు అరిచానో నాకు తెలుసు.

నీకు తెలియనిది ఇంకొకటి చెప్పనా. ఎర్రగుంట్ల బడి నుంచి జీవితకు అంతకు ముందు రోజే టి.సి. తీసుకున్నాను. ఆ సోమవారం బిడ్డను తీసుకుని కర్నూలు రావాలని నిశ్చయించుకున్నాను. నా కాళ్ళతో నేను బయటికి నడిచి వచ్చేదాన్ని. ఇప్పుడు ఊరంతా నన్ను అన్న చేత మొగుణ్ణి చంపించినది అంటుంది.

శ్రీదేవి.


కడప,
13 మార్చి.

శ్రీదేవికి,

ముందు పని. ఒక సెకను, అరసెకను లాంటి నిదానం వేగాలకు వేరే చక్రాలుంటాయి. షట్టర్ లోపల అంచున, స్ప్రింగుకు ఎదురుగా, నాలుగైదు పళ్ళ చక్రాల చిన్న గుత్తి చూడు. రెక్కలు తెరుచుకున్నాక మూసుకోబోయే మీటకు ఆ గుత్తి అడ్డం పడుతుంది. మీట ఆ చక్రాలను తోసుకుంటూ పోవాలి. చివరి చక్రాన్ని గడియారంలో లాగా ఒక కొండి అటూ ఇటూ కొడుతూ ఆపుతుంది. ఒక సెకను పెట్టినప్పుడు జుర్రుమని వినపడేది ఆ చప్పుడే. సెకనులో నూరో వంతు పెడితే గుత్తి పక్కకు తప్పుకుంటుంది, అందుకే త్వరగా మూసుకుంటుంది. నీ గుత్తి జిగురుతో బిగుసుకుపోయింది. రెండు స్క్రూలు విప్పి గుత్తిని ఉన్నది ఉన్నట్టు పైకి తీసి పెట్రోలులో నానబెట్టు. చక్రాలు విడదీయకు. ఆరాక ఇరుసుల దగ్గర మాత్రం సూది మొనతో గడియారం నూనె తాకించు.

ఇక నువ్వు అడిగిన దానికి. నువ్వు చచ్చిపోయావని నాకు చెప్పారు. నేను ప్రొద్దుటూరులో ఉన్నాను. బండి మీద ఇరవై నిమిషాల్లో వచ్చాను. నేల మీద రక్తం, నీ గాజు ముక్కలు. అతను పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. పానా తలుపు దగ్గరే ఉంది. నువ్వు లేవనుకున్నవాడికి నీ గొంతు ఎలా వినపడుతుంది?

ఎవరు చెప్పారని అడగకు. అది ఎవరికీ మేలు చేయదు.

ముందస్తు విడుదల జాబితాలో నా పేరుంది. మన ఇంటికి ప్రొబేషన్ అధికారి వస్తారు. చనిపోయినవాని భార్యగా నీ మాట రాసుకుంటారు. నేనేమీ అడగను. నీకు తోచింది చెప్పు.

అన్న.


కర్నూలు,
9 ఏప్రిల్.

అన్నకు,

గుత్తి ఆడుతోంది. ఒక సెకను సరిగ్గా ఒక సెకనే వస్తోంది. ఆ శబ్దం విని నాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. కెమెరా పంపించేశాం. బెంగుళూరు వాళ్ళు ఇంకా మూడు పంపారు.

నేను చచ్చిపోయానని నీకు చెప్పింది నా మరిది సుధీర్ కదా. వేడుక చూడడానికే ఫోన్ చేసి ఉంటాడని అనుకుంటున్నాను. నువ్వు చెప్పకపోయినా అర్థమైంది.

అధికారి మొన్న వచ్చారు. నీ విడుదలకు నాకు అభ్యంతరం ఉందని రాసి సంతకం పెట్టాను. కారణాలు ఆయనకు చెప్పాను. నీకు రాయను.

శ్రీదేవి.


కడప,
21 ఏప్రిల్.

శ్రీదేవికి,

సూపరింటెండెంటు పిలిచి చెప్పారు. నీ చెల్లెలే వద్దంటున్నదయ్యా అన్నారు. అక్కడ నిలబడ్డ నలుగురూ నన్ను చూశారు.

ఎవరి కోసం ఈ గోడల మధ్య ఉన్నాను? నీ విరిగిన ఎముక కోసం. నీ నోట్లో రక్తం కోసం. అత్తగారింటి వాళ్ళ మెప్పు కావలసి వచ్చిందా ఇన్నేళ్ళకు? నేను షట్టర్ విప్పడం నేర్పితే నువ్వు నాకు తలుపు వేశావు. ఇక కెమెరాల సంగతి నాకు రాయకు. నాయనకు కళ్ళు లేకపోతే అంగడి మూసుకోండి.

సుధీర్ నాకు ఫోన్ చెయ్యలేదు. వాణ్ణి అనవసరంగా అనకు.

వేణుగోపాల్.


కర్నూలు,
18 మే.

అన్నకు,

నువ్వు రాయవద్దన్నా రాస్తున్నాను. అమ్మ ఫోనులో సగమే చెప్పి ఉంటుంది.

ఈ నెల ఆరున, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో సుధీర్ అంగట్లోకి వచ్చాడు. నేను బల్ల ముందున్నాను. నాయన పక్కన ఉన్నాడు. జీవిత బడి సెలవులని లోపలి గదిలో చదువుకుంటోంది. సుధీర్ తాగి లేడు. అదే భయమేసింది. నిదానంగా అడిగాడు, "మీ యన్న ఎప్పుడొస్తాండాడు వదినా? తేదీ చెప్పు, గేటు కాడ నేనుంటా." నాకు తెలియదన్నాను. జనవరి నుంచి మూడుసార్లు ఇదే మాట ఫోన్ చేసి అడిగాడు. అభ్యంతరం అని నేను సంతకం పెట్టడానికి మొదటి కారణం అదే. లోపల ఉంటే నువ్వు ప్రాణంతో ఉంటావు.

తెలియదనగానే చొక్కా వెనక నుంచి వేటకొడవలి తీశాడు. మొదటి వేటు అద్దాల బీరువా మీద. రెండోది నేను విప్పి పెట్టిన కెమెరా మీదికి వస్తుంటే నాయన బల్ల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పరాయి వాళ్ళ సొత్తు కదా అని తర్వాత అన్నాడు. కుడి చేతి రెండు వేళ్ళు తెల్లగుడ్డ మీద పడ్డాయి. పెద్దాసుపత్రిలో ఒకటి అతికించారు, ఒకటి నిలవలేదు.

కెమెరా స్టాండు టేకు కాలు ఒకటి గోడకు ఆనించి ఉంది. అది తీసుకుని సుధీర్ మోచేతి మీద కొట్టాను. కొడవలి పడిపోయింది. రెండోది మెడ మీద కొట్టాను. కింద పడ్డాడు. అయిపోయింది కదా, ఆపాలి కదా. మూడోసారి కొట్టాను. నాలుగోసారి కొట్టాను. అప్పుడు నా చేతులు తేలిగ్గా ఉన్నాయి, ఒంట్లో నొప్పంతా పోయినట్టు ఉంది. ఐదోదానికి కర్ర ఎత్తితే జీవిత లోపలి నుంచి వచ్చి "అమ్మా, చిన్నాయన పడిపోయినాడు" అన్నది. అరవలేదు. మామూలుగా చెప్పింది. నేను కర్ర దించాను.

సుధీర్ బతికాడు. చెయ్యి విరిగింది, దవడ విరిగింది. ఆసుపత్రి నుంచి సబ్ జైలుకు తీసుకుపోయారు. ఆత్మరక్షణే అని ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. మూడోదీ నాలుగోదీ ఆత్మరక్షణ కాదని నాకు తెలుసు. పదకొండు ఏమిటి అని నిన్ను అడిగాను. ఇప్పుడు ఆ ప్రశ్న నాకు వేరేగా వినపడుతోంది. నిన్ను క్షమించానని కాదు.

ఇంకొకటి. సాయంత్రం అంగట్లో నెత్తురు కడుగుతూ అమ్మ చెప్పింది. ఆ రోజు గదిలోంచి నేను అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నీకు చేసింది. "నీ చెల్లెల్ని సంపేసినాడు రా" అన్నది తానే అని చెప్పింది. ఎందుకట్లా అబద్ధం చెప్పావంటే, అతను నన్ను కొడుతున్నాడని అంతకు ముందు మూడుసార్లు చెప్పినా నువ్వు సర్దుకుంటారులే అన్నావట. "సచ్చిందంటే తప్ప కదలడని అన్నాను" అని బక్కెట్టు పక్కన కూలబడింది. నువ్వు ఆమె పేరు కోర్టులో చెప్పలేదు. నేను సుధీర్‌ను అనుమానించాను. అలా అన్నందుకు తప్పు ఒప్పుకుంటున్నాను.

ఆ మూడుసార్లూ నువ్వు రాకపోవడం మాత్రం నాకు కొత్త సంగతి.

జీవిత నీకు ఒక మాట రాయమంది. "నాన్న చివర ఏమన్నాడు అని మామను అడుగు" అంది. నేను తలుపు ఇవతల ఉన్నాను, నా అరుపుల్లో నాకు ఏమీ వినపడలేదు. విన్నది నువ్వొక్కడివే. చెప్పదలచుకుంటే నిజం చెప్పు. లేకపోతే రాయకు.

శ్రీదేవి.


కడప,
29 మే.

శ్రీదేవికి,

నాయన చేతి సంగతి చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ చేతి దెబ్బలు తిని పని నేర్చుకున్నవాణ్ణి. కిందటి ఉత్తరంలో నేను రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బయటికి పోయే ప్రతి ఉత్తరం ఇక్కడి అధికారి చదువుతారు. చదవనీ. జీవిత అడిగింది కాబట్టి రాస్తున్నాను.

మొదటి దెబ్బ నువ్వు చచ్చిపోయావనుకునే కొట్టాను. అది నిజం. రెండోదీ అంతే. శ్రీకాంత్ ఎంగిలి చేతులు తల మీద పెట్టుకుని గోడకు జరిగాడు. అప్పుడు అన్నాడు. "బావా, పాప లోపలుండాది. బతికే ఉండాది. గడియ తీసి చూడు బావా." పాప అంటే నువ్వు. నిన్ను అలాగే పిలిచేవాడు కదా. అవే అతని చివరి మాటలు. ఆ తర్వాత నీ అరుపు కూడా వినపడింది. కోర్టులో వినపడలేదని చెప్పాను. నీకూ అదే రాశాను. వినపడింది.

మిగతా తొమ్మిదీ తెలిసి కొట్టినవే.

ఎందుకని ఏడేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. అమ్మ మూడుసార్లు చెప్పినా నేను రాలేదు. నాలుగోసారి వచ్చి, బతికున్న చెల్లెలి కోసం మనిషి తల పగలగొట్టాను. అతను లేచి నిలబడితే నేనేం చెప్పాలి? అతను మళ్ళీ మళ్ళీ అదే అనబోయాడు, లోపలుంది, బతికే ఉంది అని. ఆ మాట ఇంకొకసారి వినపడకుండా కొట్టాను. నీ కోసం కాదు. ఎవరి కోసం ఈ గోడల మధ్య ఉన్నానని నిన్ను అడిగాను. జవాబు నా దగ్గరే ఉంది.

ఈ కాగితం అధికారికి చూపించదలిస్తే చూపించు. జీవితకు చదివి వినిపించాలో లేదో నీ ఇష్టం. ఇంతకంటే మెత్తగా రాయడానికి ప్రయత్నించాను. అప్పుడది అబద్ధమైంది.

నాయనకు నమస్కారం చెప్పు.

వేణుగోపాల్.


కర్నూలు,
20 జూలై.

అన్నకు,

నీ ఉత్తరం నేను చదివి వినిపించలేదు. జీవిత చేతికిచ్చి బయటికి వెళ్ళాను. రెండుసార్లు చదివిందట. నేను తిరిగి వచ్చేసరికి మడిచి బల్ల మీద పెట్టి ఉంది. "నాన్న గడియ తీయమన్నాడు" అంది. అంతే. ఆ మాట తనకు ఏమిచ్చిందో నాకు తెలియదు. నన్ను కొట్టి గడియ పెట్టింది కూడా అతనే అని తనకు గుర్తు చెయ్యాలనిపించింది. చెయ్యలేదు. తనకు అదీ తెలుసు.

అమ్మతో ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాను. నాయన ఎడమ చేత్తో స్క్రూ డ్రైవరు పట్టడం నేర్చుకుంటున్నాడు, రాదు. పనంతా నాదే. నిన్న ఒక షట్టర్ ఎవరినీ అడగకుండా విప్పి, కడిగి, మళ్ళీ బిగించాను. నాయన పక్క గదిలోనే పడుకున్నాడు, లేపలేదు.

అధికారిని నేనే పిలిపించాను. నీ కాగితం చూపించలేదు. అభ్యంతరం లేదని రాసి ఇచ్చాను. ఎందుకో చెబుతాను. ఇన్నాళ్ళూ అక్కడ ఉన్నది నా కోసం చంపిన అన్న. ఆ మనిషి బయటికి వస్తే జీవితాంతం నేను అతనికి రుణపడినట్టు తలవంచుకుని తిరగాలి. అతన్ని వదలడం నా వల్ల కాలేదు. ఈ ఉత్తరం రాసిన మనిషికి నేనేమీ బాకీ లేను. అతను రావచ్చు.

వచ్చే నెల పదిహేనున వదులుతారని చెప్పారు. ఆ లోగా సుధీర్‌కు బెయిలు రాదని లాయరు అంటున్నాడు. మన ఇంటికి రావద్దు. ఒంటిమిట్టలో తనకు తెలిసినవాళ్ళ సత్రంలో అమ్మ నీకు గది మాట్లాడింది. నాయన వచ్చి చూస్తాడు. నేను ఎప్పుడు వస్తానో, అసలు వస్తానో రానో ఇప్పుడు చెప్పలేను.

జీవిత మాత్రం గేటు దగ్గరికి వస్తానంటోంది. వద్దని చెప్పి చూశాను, వినలేదు. అమ్మ తోడు వస్తుంది. నువ్వు తనను ఆరేళ్ళప్పుడు చూశావు. ఇప్పుడు పొడుగైంది. పెరిగేకొద్దీ వాళ్ళ నాన్న పోలిక వచ్చింది. కళ్ళు, నుదురు, తల పక్కకు వంచి వినే తీరు, అన్నీ శ్రీకాంత్‌వే. ఒక్కోసారి నేనే ఉలిక్కిపడతాను.

ఎదురుగా నిలబడుతుంది. తల దించుకోకుండా తన ముఖం చూడు.

శ్రీదేవి.